నేను అచ్చెయ్యని కొమ్మ

ఆయన నా స్కూటరు వెనక కూర్చుని బ్రేకు వేసేవారు. ఎదురుగా ట్రాక్టరు వచ్చినా, గేదె అడ్డం పడినా, నా చెయ్యి కంటే ముందు ఆయన కుడికాలు ఫుట్‌రెస్టు మీద గట్టిగా దిగేది. ఆ అదురు నా వెన్నుకి తెలిసేది.

"నేను వేస్తున్నానుగా అండీ" అనేవాణ్ణి.

"ముప్ఫై ఏళ్ళు బస్సు తోలిన కాలు మాస్టారూ. చెబితే వినదు లా."

వాక్యం చివర ఆ 'లా' మలేషియా వాళ్ళ అలవాటు. మనం 'అండి' తగిలించినట్టు వాళ్ళు అది తగిలిస్తారు. మిగతా మాటంతా తెలుగే. రబ్బరు ఎస్టేటు ఇళ్ళలో మూడు తరాలు నలిగి, కాస్త తమిళం, కాస్త మలయ్ అంటుకున్న తెలుగు. పొద్దున్నే ఫోను చేసి "బువ్వ తిన్నారా మాస్టారూ" అని అడిగేవారు. మేము ఆ మాట పసిపిల్లలతోనే అంటాం. డెబ్భై దాటిన మనిషి డెబ్భైకి దగ్గరపడిన నన్ను అలా అడుగుతుంటే మా ఆవిడ పక్కనుంచి నవ్వేది.

పొడుగ్గా, సన్నగా ఉండేవారు. పువ్వుల పొడుగుచేతుల చొక్కా, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. ఎవరికైనా చెయ్యి కలిపితే తర్వాత అదే చేతిని ఒకసారి గుండెకి ఆనించుకునేవారు. ఫ్లాస్కులో ఎప్పుడూ వేడినీళ్ళు ఉండేవి. కొబ్బరిబోండం తాగినా వెనకాలే రెండు గుక్కల వేడినీళ్ళు తాగేవారు. నీళ్ళపైపు ముక్కకి రెండు వైపులా మూతలు బిగించి, తాడు కట్టి భుజాన వేసుకునేవారు. అందులో ఒక చార్టు చుట్టి ఉండేది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన వాళ్ళ సంగతి ఒకసారి అచ్చులో తప్పు రాశాను. మళ్ళీ అచ్చులో పెట్టే ముందు ఆయన కూతుళ్ళని అడగాలి. ఈ కార్తీకంలో ఆయన పోయారు.

నేను రిటైరయ్యాక రెండేళ్ళు ఊళ్ళు తిరిగి మా వంశవృక్షం తయారు చేశాను. చిన్న పుస్తకంగా అచ్చు వేయించి మా రెండో అమ్మాయి పెళ్ళిలో తాంబూలంతో పాటు పంచాను. అప్పటినుంచి మా చుట్టుపక్కల ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చాలన్నా, ఎవరి ఇంటిపేరు ఎక్కడనుంచి వచ్చిందో చెప్పాలన్నా నా దగ్గరకే వచ్చేవారు. 'వంశాల మాస్టారు' అన్నారు. ఆ పేరు నాకు చాలా నచ్చింది. ఎంత నచ్చిందో తర్వాత తెలిసింది.

ద్రాక్షారామం గుడి దగ్గర టీ కొట్టతను ఆయన్ని నా దగ్గరకు పంపించాడు. మా ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చారు. దిగగానే చెయ్యి కలిపి, గుండెకి ఆనించుకుని, "మా తాత ఊరు వెతుకుతున్నాం మాస్టారూ" అన్నారు.

భోజనాల బల్ల మీద చార్టు పరిచారు. అది చుట్టుకుపోతుంటే ఒక మూల ఫ్లాస్కు, ఒక మూల ఆవకాయ జాడీ, మిగిలిన రెండు మూలలా నా చేతులూ పెట్టాం. ఒక్కో తరానికి ఒక్కో రంగు సిరా. అన్నిటికంటే కింద ఆకుపచ్చ సిరాతో మనవలు. వాళ్ళకి తెలుగు నాలుగు ముక్కలు వచ్చట. పైన నీలంతో ఇద్దరు కూతుళ్ళు, ఒకావిడ పళ్ళ డాక్టరు, ఒకావిడ సింగపూర్‌లో. ఆ పైన ఎర్రసిరాతో ఆయన, బస్సు డ్రైవరు. ఆ పైన ఆయన నాన్న సోమయ్య, లారీ డ్రైవరు. యుద్ధంలో జపాను వాళ్ళు రైలుదారి పనికి పట్టుకుపోతే ఎముకలగూడుగా తిరిగొచ్చిన మనిషి. ఆ పైన నల్లసిరాతో తాత లక్ష్మీపతి. ఎస్టేటు గుమాస్తాలకు వంటవాడిగా వెళ్ళి, తర్వాత రబ్బరు చెట్లు గీశాడు. ఆయన భార్య అదే ఎస్టేటులో రబ్బరు పాలు పట్టే తమిళ పిల్ల. లక్ష్మీపతి తండ్రి పేరు సోమయాజులు, గోత్రం భారద్వాజం. దాని పైన ఒక ఖాళీ గడి. అందులో 'ఊరు' అని చిన్నగా రాసి ఉంది.

"ఊరి పేరు ఎందుకు చెప్పలేదండీ ఆయన?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

"అడిగేవాణ్ణి. నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా బతికే ఉన్నాడు. 'ఆ ఊళ్ళో నేను చచ్చిపోయానురా, చచ్చిపోయినవాడికి ఊరేంటి' అనేవాడు. కోపమొచ్చి అంటున్నాడేమో అనుకునేవాళ్ళం. పెద్ద గుడి గంట ఇంట్లోకి వినపడేదనీ, ఇంటి ముందు కాలవ అనీ మటుకు చెప్పాడు."

మా ఆవిడ భోజనానికి పిలిచింది. గుమ్మడి వడియాలు వేయించింది. ఆయన ఒకటి కొరికి, "మీరు పెట్టారా అమ్మా" అని అడిగారు.

"లేదండి. మా పుట్టింట్లో పెట్టి పంపిస్తారు. అత్తవారింట్లో వడియాలు పెట్టే ఆనవాయితీ లేదు. ఎవరైనా ఇస్తే తింటాం అంతే."

ఆయన చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "మాకూ లేదు లా. మా నానమ్మ తమిళావిడైనా మా తాత పెట్టనిచ్చేవాడు కాదు. మూడు తరాలుగా పక్కింటివాళ్ళే మాకు వడియాలు పెట్టి ఇస్తున్నారు. ఎందుకో మాకు తెలీదు."

మా ఆవిడ నావైపు చూసింది. ఎందుకో మాకు తెలుసు. ఏ కాలంలోనో మా ఇంట్లో వడియాలు పెట్టిన రోజున చావు జరిగింది. అప్పటినుంచి మానేశారు.

"ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో అంతేనండి" అన్నాను నేను. "భారద్వాజ గోత్రం అంటారా, ఇక్కడ సగం మంది అదే. సోమయాజులు పేరు లేని ఊరు ఉండదు."

"మీ పుస్తకం ఒకటి ఇస్తారా మాస్టారూ?"

"అన్నీ పంచేశానండి." నలభై పుస్తకాల కట్ట మంచం కింద ఉంది.

నిజానికి చార్టులో పేర్లు చూడగానే నాకు అనుమానం వచ్చింది, ఆయన 'చచ్చిపోయానురా' అన్న మాట చెప్పినప్పుడు అంతా అర్థమైంది. లక్ష్మీపతి మా తాతగారి అన్న. చెప్పకుండా కాకినాడలో ఓడెక్కారు. పన్నెండేళ్ళు ఏ కబురూ రాకపోతే మా వాళ్ళు ఆచారం ప్రకారం దర్భలతో బొమ్మ చేసి, ఆయన పేరు పెట్టి, కోటిపల్లి రేవులో దహనం చేసి కర్మంతా జరిపించారు. మరుసటి ఏడు ఒక ఫొటో వచ్చింది. కోటు తొడుక్కుని ఆయన నిలబడి ఉన్నారు, కుర్చీలో ముక్కుపుడకతో ఒక ఆవిడ, ఒళ్ళో ఏడుస్తున్న పిల్లాడు. వెనక పెన్సిలుతో 'నేను కుశలం. అబ్బాయికి నాన్నగారి పేరు పెట్టాను' అని రాసి ఉంది. మా తాతగారు పురోహితుణ్ణి అడిగితే, కర్మ జరిగిపోయిన మనిషి తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టు లెక్క, అన్నీ మొదటినుంచి చెయ్యాలన్నాడట. జవాబు రాయలేదు. ఏటా మహాలయ పక్షంలో ఆయన పేరు చెప్పి నీళ్ళు వదులుతూనే ఉన్నారు. తర్వాత మా వైపు నుంచి వెళ్ళిన ఎవరో ఆ సంగతి ఆయనకు చెప్పి ఉంటారు.

మా నాన్న ఆ ఫొటో నా చేతికిచ్చి చెప్పిన కథ ఇది. నా పుస్తకంలో నేనేం రాశాను? 'లక్ష్మీపతి, అవివాహితులు, యుక్తవయసులోనే కాలధర్మం చెందారు.' నాన్న అలా రాయమనలేదు. తెలిసి నేనే రాశాను. ఆ తమిళావిణ్ణి ఏ గడిలో పెట్టాలో తెలియలేదని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఒక కొమ్మ ఎలా ఉందో అలా వేస్తే మిగతా చెట్టుకి విలువ తగ్గిపోతుందనుకున్నాను. ఇప్పుడా కొమ్మ బల్ల మీద పరుచుకుని ఉంటే దాన్ని చేతులతో అదిమిపెట్టి కూర్చున్నాను. నా పుస్తకం తప్పని ఒప్పుకోవడం కంటే ఆయనకు ఊరు లేకుండా పోవడమే నాకు తేలికగా తోచింది.

ఆయన వెళ్ళాక మా ఆవిడ గిన్నెలు సర్దుతూ, "ఆయన మీకు ఏమవుతారో నాకు తెలుసు" అంది.

మూడు చలికాలాలు ఆయన వచ్చారు. వచ్చినప్పుడల్లా మూడు వారాలు ద్రాక్షారామంలో లాడ్జిలో ఉండేవారు. నేను స్కూటరు మీద ఊళ్ళు తిప్పేవాణ్ణి. గుడి గంట వినపడే ఊళ్ళంటే గుడి చుట్టూ ఉన్నవే కదా, ఇంటి ముందు కాలవ అంటే ఈ డెల్టాలో ఏ ఊరైనా అదే. ఒక్కో ఊరూ కొట్టేస్తూ వచ్చాం. మా ఊరు మటుకు నేను ముందే కొట్టేశాను. "మా ఊరి వంశాలన్నీ నా పుస్తకంలో ఉన్నాయండి, అందులో లేరు" అని చెప్పాను. వంశాల మాస్టారి మాట కనక ఆయన నమ్మారు.

ఇంత సిగ్గుమాలిన పని చేస్తూ ఆ తిరుగుడు నాకు సంతోషంగా ఉండేదంటే ఎవరైనా అసహ్యించుకుంటారు. కానీ ఉండేది. ఆయనతో తిరగడం అంత బాగుండేది. ఒకసారి వెళ్ళిన దారి మరిచేవారు కాదు. "ఆ రైసుమిల్లు దాటాక ఎడమ, రెండు గోతులు, తర్వాత కల్వర్టు" అని వెనకనుంచి చెప్పేవారు. బస్సు కనిపిస్తే ఆపించి, డ్రైవరుతో నిమిషంలో స్నేహం చేసేవారు. ఒకసారి కోటిపల్లి రోడ్డులో ఆగిపోయిన పల్లెవెలుగు బస్సు కింద దూరి, పువ్వుల చొక్కాకి గ్రీజు పూసుకుని బయటికొచ్చారు. బస్సు బాగుపడలేదు. "అదే జబ్బు లా. మా బస్సులకీ ఇదే జబ్బు" అని ఎంతో తృప్తిగా చెప్పారు. మాట్లాడేటప్పుడు 'మా తాత' అన్న మాట కంటే 'మేము' అన్న మాటే ఎక్కువ వాడేవారు. "మేము ఓడలో ఏడు రోజులు వాంతులు చేసుకున్నాం" అనేవారు. వందేళ్ళ కిందటి మాట అది.

రెండో ఏడు కుండూరులో ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తోంది. ఈయన చార్టు విప్పి చదవడం మొదలుపెట్టగానే ఆవిడ కత్తి పక్కన పెట్టేసింది.

"మా సిన్నాయన రంగం ఎల్లిపోయాడు. మళ్ళీ రాలేదు. నువ్వు ఆయన మనవడివే. ముక్కు అదే."

"మేము వెళ్ళింది బర్మా రంగం కాదమ్మా. మలయా."

"రంగమైతేనేం, మలయా అయితేనేం. సముద్రానికి అవతలే కదా. అక్కడ ఒకళ్ళింటికి ఒకళ్ళు ఎల్లరా ఏంటి? లోపలికి రా, అన్నం తిని ఎల్దువుగాని."

పేర్లు కలవలేదు, గోత్రం కలవలేదు, కులమూ కలవలేదు. ఆయన కాదనలేక లోపలికి వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ చేపల పులుసు వేసింది. తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "మాస్టారుగారు మా ఇంట్లో తినరులెండి, మజ్జిగన్నా తాగండి" అంది. ముక్కు చూసి మనవడని పిలిచిన ఆవిడ ఇంటి గుమ్మంలో, పేరూ గోత్రమూ వడియాలూ అన్నీ కలిసినా పలకని నేను నిలబడి మజ్జిగ తాగాను. బయటికొచ్చాక ఆయన, "ఆవిడకి అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. తప్పు చేశానా మాస్టారూ?" అని అడిగారు. తర్వాతి ఏడు ఆవిడకి పువ్వుల చీర తెచ్చారు.

ఆ మూడో ఏడు ఆయన కొంచెం వంగారు. గుండెకి ఏదో గొట్టం వేశారట. లాడ్జి మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి, ఏదో చూస్తున్నట్టు రోడ్డు వైపు చూసేవారు. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చి చార్టు పరిచారు.

"ఇంక రాలేను మాస్టారూ. అమ్మాయిలు పంపరు. ఇది ఫ్రేము కట్టించి మనవలకి ఇచ్చేస్తాను. ఈ గడి ఖాళీగా ఉంటే బాగోదు. మీ చేతిరాత బాగుంటుంది. 'తెలియలేదు' అని రాసెయ్యండి."

నల్లసిరా కలం నా చేతిలో పెట్టారు. మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

'తె' రాయడానికి కలం ఆనించాను. ఒక అబద్ధం అచ్చు వేసి ఊరంతా పంచాను. ఇంకోటి రాసి, పిల్లలు రోజూ చూసే గోడకి ఎక్కించాలి. చెయ్యి రాలేదు. ఆ గడిలో మా ఊరి పేరు రాశాను. పక్కన జిల్లా పేరు కూడా రాశాను, బళ్ళో రాయించినట్టు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"ఇది మీ ఊరు కదా?"

"అవునండి. లక్ష్మీపతి గారు మా తాతగారి అన్న."

మా ఆవిడ అడక్కుండానే బీరువా తీసి ఫొటో తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాతని చూడలేదు, ముందు ఒళ్ళో పిల్లాణ్ణి చూశారు. "మా నాన్న" అన్నారు. "ఏడుస్తున్నాడు. చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు లా మాకు. యుద్ధంలో అన్నీ పోయాయి." తల ఎత్తి, "ఇది ఎప్పట్నుంచి ఉంది మీ దగ్గర?" అని అడిగారు.

"మీరు వచ్చిన మొదటి రోజుకి ముందునుంచీ."

నేను మిగతాదంతా చెప్పాను. దర్భల బొమ్మ సంగతి, జవాబు రాయని సంగతి, నా పుస్తకంలో పన్నెండో పేజీ. మంచం కింద కట్టలోంచి ఒకటి లాగి ఆ పేజీ తీసి చూపించాను. ఆయన 'యుక్తవయసులోనే' అన్న మాట మీద వేలు పెట్టి ఉంచారు.

"చచ్చిపోయానురా అంటే ఇదన్నమాట" అన్నారు. చార్టు చుట్టి, పైపులో పెట్టి, మూత బిగించారు. ఫొటో చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ఆటో పిలవండి" అన్నారు. నా స్కూటరు ఎక్కలేదు. వెళ్ళేటప్పుడు చెయ్యి కలపలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటలకు మా గేటు దగ్గర ఉన్నారు. "బువ్వ తిన్నారా" అన్నారు. నేను గేటు తీశాను.

"రాత్రి లెక్కేశాను మాస్టారూ. మూడేళ్ళు మీరు నాతో ఎండలో తిరిగారు. అబద్ధం చెప్పినవాడు ఇంట్లో కూర్చోవాలి. మీరు తిరిగారు. కోపం సగం అక్కడ పోయింది. సగం ఉంది. అది ఉంటుంది లా. ఇల్లు చూపించండి."

ఇల్లు లేదు. ఆ స్థలం ఎప్పుడో చేతులు మారి, వరికోత మిషను పెట్టుకునే రేకుల షెడ్డు అయింది. గుమ్మం ఎటు ఉండేదని అడిగి, అటునుంచి కాలవ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. పద్దెనిమిది. "గుడి గంట ఎప్పుడు కొడతారు?" అన్నారు. మధ్యాహ్నం దాకా కాలవ గట్టున కూర్చున్నాం. గాలి ఎటు ఉందో, ఆ రోజు వినిపించలేదు. ఆయన దానికేమీ బాధపడలేదు. దర్భల బొమ్మ సంగతి మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు.

"అయితే మా తాత తిరిగొస్తే ఏం చేసేవాళ్ళు?"

"మళ్ళీ పుట్టినట్టు నామకరణం, ఒడుగు, పెళ్ళి అన్నీ చెయ్యాలట. పెళ్ళి కూడా ఉన్న భార్యతోనే మళ్ళీ."

"మా నానమ్మ ఒప్పుకునేది కాదు లా. ఒక్కసారి చేసుకున్నందుకే జీవితమంతా తిట్టింది." నవ్వి నవ్వి దగ్గారు. "మీరు ఇక్కడ నీళ్ళు వదులుతున్నప్పుడు ఆయన అక్కడ నాకు ఈత నేర్పుతున్నాడు. నీళ్ళ భయం లేని మనిషి. ఇప్పుడు తెలిసింది ఎందుకో."

అక్కడితో నేను బాగుపడ్డానని రాయాలని ఉంది. కానీ ఆ కాలవ గట్టు మీదే ఇంకో మాట అడిగాను. "మా తమ్ముడికీ మిగతావాళ్ళకీ ఇప్పుడే తెలియనక్కర్లేదు. సమయం చూసి నేనే చెబుతాను" అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి, "సరే మాస్టారూ" అన్నారు.

రానన్న మనిషి కూతుళ్ళని ఒప్పించి ఇంకో రెండుసార్లు వచ్చారు. ఊరు దొరికాక వెతుకులాట లేదు కదా, ఊరికే వచ్చేవారు. కాలవ గట్టున కూర్చునేవారు, కడియం వెళ్ళి మొక్కలు చూసేవారు, కుండూరు ముసలావిడ ఇంట్లో అన్నం తినేవారు. మా మనవరాలి అన్నప్రాశనకి మావాళ్ళంతా వచ్చినప్పుడు ఆయనా ఉన్నారు. "మా స్నేహితులు, మలేషియా" అని పరిచయం చేశాను. జ్ఞాతులందరూ ముందు బంతిలో కూర్చుంటే ఆయన నవ్వుతూ వెళ్ళి చివర వరసలో బయటి ఊరివాళ్ళతో కూర్చున్నారు. మా తమ్ముడు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు, కాకినాడలో ఉంటాడు. వాడు ఎవరితోనూ తొందరగా కలవడు. అలాంటిది ఆ రోజు మూడు గంటలు ఈయనతో ట్రాన్స్‌ఫార్మర్ల గురించి మాట్లాడాడు. ఈయన ఇంజిన్ల గురించి చెప్పారు. వెళ్ళేటప్పుడు వాడు నాతో, "ఎక్కడ పట్టావన్నయ్యా ఈయన్ని? మన మనిషిలా ఉన్నాడు" అన్నాడు. చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆయన పెద్దమ్మాయి, ఆ పళ్ళ డాక్టరు, ఫోను చేసింది. "అంకుల్, డాడీ పొద్దున్న పోయారు" అంది. నిద్రలోనే అట. కర్మ చేయించే పంతులు గోత్రం, తండ్రి తాత ముత్తాతల పేర్లు అడుగుతున్నాడని, చార్టులో ఉన్నాయి గానీ పలకడం సరిగ్గా తెలియదని, ఒకసారి చెప్పమంది. చెప్పాను. సోమయ్య అని రాసి ఉంటుంది కానీ సోమయాజులు అని పలకమన్నాను. ఆ అమ్మాయి ఒక్కోటీ తిరిగి చెప్పింది. "కరెక్టేనా అంకుల్?" అంది. కరెక్టే.

ఫోను పెట్టేసి తలస్నానం చేశాను. మా ఆవిడ ఏమీ అడక్కుండా తనూ చేసింది. తర్వాత తమ్ముడికి ఫోను చేశాను. ఇంకో అయిదు రోజుల్లో కాకినాడలో వాడి మనవడి ఒడుగు. మండపం మాట్లాడారు, శుభలేఖలు పంచారు, హైదరాబాదు నుంచి పిల్లలంతా బయల్దేరుతున్నారు. నేను నోరు విప్పకపోతే ఒడుగు జరిగిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

"ఒరేయ్, మనకి మైల వచ్చిందిరా. పదిరోజులు. ఒడుగు వాయిదా వెయ్యాలి."

"ఎవరు పోయారన్నయ్యా?" అన్నాడు వాడు.

"మలేషియా ఆయన."

"ఆయన పోతే బాధే. కానీ మనకి మైల ఏంటి?"

"లక్ష్మీపతి తాతయ్య మనవడు."

"ఆయన పెళ్ళి కాకుండానే పోయాడని నువ్వే కదా పుస్తకం అచ్చేయించావు? నా మనవడికి ఇప్పుడు దాంట్లోంచే ప్రవర నేర్పిస్తున్నాను."

"తప్పు అచ్చేశాను. తెలిసే వేశాను." మొత్తం చెప్పాను. తమిళావిడ సంగతి కూడా.

"చూడన్నయ్యా, ఆ పెళ్ళి ఏ పెళ్ళో. పంతులుగారిని అడిగితే మైల పట్టదంటారేమో. ఒక్కసారి అడుగు. పిల్లాడి ఒడుగు."

"ఇలాగే తాతగారు ఒకసారి అడిగారు. నేను అడగను. నేను స్నానం చేసేశాను. నీ ఇష్టం నీది, నేను మటుకు ఒడుగుకి రాలేను. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను."

"ఇన్నేళ్ళూ దాచి ఇప్పుడు నా పీకమీద పెడతావా?" అని వాడు ఫోను పెట్టేశాడు. వాడన్నదాంట్లో తప్పు లేదు.

సాయంత్రానికి మరదలు ఫోను చేసి, మండపం వాళ్ళకి చెప్పేశామనీ, మాఘంలో పెట్టుకుంటామనీ చెప్పింది. తమ్ముడు మాట్లాడలేదు. నేను ఆ తొమ్మిది రోజులు గడ్డం పెంచుకుని తిరిగాను. టీ కొట్టు దగ్గర, పోస్టాఫీసు దగ్గర, ఎవరు పోయారని అడిగిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పాను. కొందరు నా పుస్తకం తమ ఇంట్లో ఉందన్నారు. పన్నెండో పేజీ దిద్దుకోమన్నాను.

పదో రోజు పొద్దున్న ధర్మోదకాలు వదలడానికి కోటిపల్లి రేవుకి వెళ్ళాను. ఒక్కణ్ణే అనుకున్నాను. మెట్ల మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు, పంచె కట్టుకుని, పది రోజుల గడ్డంతో. నావైపు చూడలేదు. ఇద్దరం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాం. గోదావరి చల్లగా, నిండుగా ఉంది. రేవులో పంతులు కొత్తవాడు, మమ్మల్ని ఎరగడు. దర్భలు ఇస్తూ, "పోయినవారి పేరు, గోత్రం చెప్పండి" అన్నాడు.

చెప్పాను. మావాళ్ళ ముందు ఆ పేరు నేను గట్టిగా పలకడం అదే మొదటిసారి.

"మీకేమవుతారండీ?"

నేను నోరు తెరిచే లోపల తమ్ముడు అందుకున్నాడు.

"మా పెద్దన్నయ్యండి" అన్నాడు, దోసిట్లోకి నీళ్ళు తీసుకుంటూ. తర్వాత నావైపు తల తిప్పి చూపించి, "ఈయన రెండో అన్నయ్య" అన్నాడు.